నర్సమ్మ ఎత్తని ఫోను

ఆ వార్డులో ఆమెను ఇరవై ఏళ్ళుగా అందరూ నర్సమ్మ అనే పిలుస్తున్నారు. గర్భం తీయించుకుని ఇంటికి బయలుదేరే ప్రతి మనిషి పక్కనా కూర్చుని, చెయ్యి పట్టుకుని మరీ చెప్పేది.

"కొన్నాళ్ళు బరువులు ఎత్తకు తల్లీ. గంటకు రెండు ప్యాడ్లు తడుస్తున్నా, జ్వరం తగిలినా, చెడు వాసన వస్తున్నా ఆలోచించకుండా వచ్చెయ్. మళ్ళీ చూపించుకునేదాకా మీ ఆయన్ని కాస్త దూరంగా పడుకోమను. ఏడుపొస్తే ఏడువు. ఏడుపు రాకపోతే ఎందుకు రాలేదా అని బెంగపడకు."

ఆ చివరి మాటకు చాలామంది అక్కడే ఏడ్చేసేవాళ్ళు. కాగితం మీద అచ్చువేసి కూడా ఇస్తారు గానీ, కాగితానికి చెయ్యి ఉండదు కదా.

సొంత చెల్లెలికి మాత్రం నర్సమ్మ కాగితమే ఇచ్చింది.

చెల్లెల్ని ఇంట్లో పిచ్చుక అంటారు. నిద్రలో తప్ప నోరు మూతపడదని చిన్నప్పుడు పెట్టిన పేరు. ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికేచోట ఆమె పని. పెద్దాపరేషన్‌తో పుట్టిన పాపకు ఇంకా తొమ్మిది నెలలు నిండలేదు, ఇంతలో మళ్ళీ నెల తప్పింది. లారీ నడిపే భర్త నెలకు రెండుసార్లు ఇల్లు చేరతాడు. ఇద్దరూ ఫోన్లోనే మాట్లాడుకుని, ఇప్పుడు వద్దనుకున్నారు.

నర్సమ్మకు పిల్లలు లేరు. పన్నెండేళ్ళు మందులు మింగి, సూదులు పొడిపించుకుని, "ఇక చాలమ్మా, ఒంటిని వదిలెయ్" అని డాక్టరమ్మే అన్నాక ఆగింది. అందుకే పిచ్చుక అక్కతో ఒక్క ముక్క అనలేదు. తీయించుకునే రోజు పొద్దున వార్డు పేర్ల జాబితాలో చెల్లెలి పేరు చూసి నర్సమ్మ దాన్ని మళ్ళీ చదివింది. ఆ తర్వాత కోపం వచ్చింది. ఆ కోపం చెల్లెలి మీదో, దేవుడి మీదో ఆమెకే తెలియలేదు. సాయంత్రం మందుల పొట్లం, కాగితం మంచం మీద పెట్టి, "అన్నీ ఇందులో ఉన్నాయి" అంది. చెల్లెలి మొహం చూడలేదు.

రెండో రోజు పిచ్చుక ఫోన్ చేసింది.

"అక్కా, రేపు పనికి వెళ్ళొచ్చా? మనుషులు తక్కువున్నారంట, మా సూపర్‌వైజరమ్మ ఒకటే గోల."

"కాగితంలో రాసుందిగా, చదువుకో," అని నర్సమ్మ పెట్టేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మళ్ళీ మోగింది. చేతిలో పనేమీ లేదు. తెర మీద చెల్లెలి పేరు చూసి, కట్ చేసి, ఫోను జేబులో వేసుకుంది. తర్వాత చేద్దామనుకుంది. చెయ్యలేదు.

ఆరో రోజున సూపర్‌వైజరమ్మే పిచ్చుకను తన కారులో తీసుకొచ్చింది. తడి దుప్పట్ల తొట్టిని తోస్తూ తోస్తూ కూలబడిపోయిందట. ఒళ్ళు కాలిపోతోంది. గర్భసంచిలో కొంచెం మిగిలిపోయి, దానికి చీము పట్టింది. డాక్టరమ్మ శుభ్రం చేసి, నరానికి మందు ఎక్కించమంది. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"ఇలా మిగిలిపోవడం ఎవరి తప్పూ కాదు. కానీ జ్వరం మొదలై రెండు రోజులైందట. వెంటనే రమ్మని చెప్పలేదా ఈ అమ్మాయికి?"

"కాగితం ఇచ్చాను," అంది నర్సమ్మ.

డాక్టరమ్మ తల ఊపి తర్వాతి రోగి దగ్గరికి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నర్సమ్మకు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సెలవు పెట్టి, మందు ఎక్కించడం పూర్తయ్యాక చెల్లెల్నీ పాపనూ తన ఇంటికి తెచ్చుకుంది. వేళకు మందులు, గుడ్లు, ఆకుకూర, పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచి. పాపను ఎత్తుకుని తిప్పే పని నర్సమ్మ భర్త తీసుకున్నాడు. మూడో రోజుకు జ్వరం దిగింది. నర్సమ్మ గోరువెచ్చని నీళ్ళతో చెల్లెలికి తలంటి, కుర్చీలో కూర్చోబెట్టి చిక్కు తీస్తుంటే, పిచ్చుక భుజాలు కదిలాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"మరి... తీయించుకున్నందుకా?"

"కాదక్కా. రేపు మళ్ళీ ఇదే పరిస్థితి వస్తే మళ్ళీ ఇదే చేస్తాను. అయినా ఏడుపొస్తోంది. ఎందుకో నన్నడక్కు." కళ్ళు తుడుచుకుని అంది, "నీ ముందు ఏడవడానికి నాకు మొహం చెల్లలేదు. నువ్వు అన్నేళ్ళు ఏడ్చినదాన్ని నేను వద్దనుకున్నాను కదా."

నర్సమ్మ దువ్వెన పక్కన పెట్టింది.

"ఆ రోజు నువ్వు ఫోన్ చేశావు చూడు. నేను చూశానే. కావాలనే తియ్యలేదు."

"తెలుసు. రెండు మోతలకే కట్ అయింది. పనిలో ఉంటే పూర్తిగా మోగేది."

"జ్వరమని చెప్పడానికా?"

"జ్వరం అప్పటికి లేదు." పిచ్చుక ముక్కు చీదుకుని నవ్వబోయింది. "మీ కాగితం చివర రాశారుగా, మనసు బాగోకపోతే దగ్గరివాళ్ళతో మాట్లాడండని. దగ్గరివాళ్ళంటే నువ్వే కదా అని చేశాను. జ్వరం వచ్చాక ఇక చెయ్యబుద్ధి కాలేదు."

నర్సమ్మ నేల మీద కూలబడి చెల్లెలి ఒళ్ళో తల పెట్టింది. పిచ్చుక ఆమె తల నిమిరింది. "పోనీలే అక్కా," అంది. ఆ మాట మెత్తగానే ఉంది. కానీ ఎవరో రోగి చుట్టాలకు నర్సమ్మ చెప్పే ఓదార్పులాగా ఉంది.

రెండు వారాల తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు నర్సమ్మ అలవాటుగా తెర తీసి లోపలికి నడవబోయింది. "నువ్వు బయట కూర్చో అక్కా," అంది పిచ్చుక. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నర్సమ్మ బయట రోగులు కూర్చునే బల్ల మీద కూర్చుని, తెర వైపు చూస్తూ ఎదురుచూసింది. లోపల అంతా మానిపోయింది, రక్తం కొంచెం తక్కువగా ఉంది, నెల రోజులు మాత్రలు వాడితే చాలన్నారు. పిచ్చుక మళ్ళీ పనిలో చేరింది. తొట్లు తొయ్యడం మాన్పించి, దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర వేశారు.

ఇప్పటికీ వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తుంది. నర్సమ్మ మొదటి మోతకే ఎత్తుతుంది. పిచ్చుక పాప పళ్ళ గురించి, సూపర్‌వైజరమ్మ గురించి గలగలా చెబుతుంది. తనకు ఒంట్లో బాగోలేకపోతే మాత్రం, తగ్గాక చెబుతుంది.