వరుస చివరి కుట్టు

నిద్రలో నా బిడ్డ ఊపిరి ఆగిపోతుందేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. పాపకు ఇప్పుడు ఏడో నెల. మొన్నమొన్నటిదాకా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. రెండు నిమిషాలకే మళ్లీ చూసేదాన్ని. ఆ వేలు తగిలే పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. మా ఆయన లారీ డ్రైవరు, వారానికోసారి ఇల్లు చేరతాడు. "అనుమానం పెనుభూతమంటారు. నువ్వు దానికి పాలు పోసి మరీ పెంచుతున్నావే!" అని ఫోన్లోనే విసుక్కునేవాడు.

నా చేతికి నూలు అల్లే కొక్కెం సూది ఇచ్చింది ఎదురింటి పెద్దమ్మ. ఆసుపత్రిలో దుప్పట్లు, బట్టలు ఉతికే పని చేసి రిటైరైంది. ఒక్కతే ఉంటుంది. ఇంట్లో ఏ సొరుగు లాగినా నూలు ఉండలే దొర్లుతాయి కాబట్టి మా మెట్ల మీది ఇళ్లవాళ్లందరికీ ఆమె ఉండల పెద్దమ్మ.

"ముప్పై కుట్లు ఒక వరుస. వరుస అయ్యాకే పాప వంక చూడు. మధ్యలో చూశావో, మొత్తం విప్పించేస్తా," అంది మొదటిరోజే.

"ఈలోగా ఏమన్నా అయితే, పెద్దమ్మా?"

"ఏమీ కాదు. ఊపిరి తీసుకోవడం దానికి వచ్చు. నీకే రాదు."

నేను మొదట అల్లింది మసిగుడ్డ. వరుస చివరి కుట్టు ఎడమ అంచున నక్కి ఉంటుంది. నాకు కనపడక ప్రతి వరుసకీ ఒకటి వదిలేశాను. నలుచదరంగా రావలసింది పైకి పోయేకొద్దీ సన్నబడి గుడారంలా తేలింది.

"ముప్పై అల్లమంటే మూడుకు దించావు. లెక్కల మేష్టారు నిన్నెలా వదిలేశాడే?"

"పదో తరగతి సగంలో నేనే వదిలేశాను ఆయన్ని."

పెద్దమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. గుడ్డను చివరిదాకా విప్పించింది.

రెండోసారి కుదిరింది. నూలు వేలి మీదుగా జారుతుంటే, ముప్పై లెక్కపెట్టేలోపు నా గుండె కూడా నెమ్మదించేది. మసిగుడ్డ పూర్తయిన రోజు దాంతోనే పొయ్యి మీది గిన్నె దించాను. వేళ్లు కాలలేదు. చిన్న సంగతే, కానీ నేను మొదలుపెట్టి చివరికంటా చేసిన పని అదొక్కటే. తర్వాత గిన్నెలు తోమే పీచు, పాలసీసాకు తొడుగు, పాపకు టోపీ. వరుసకోసారి తప్ప పాప వంక చూడటం మానేశాను.

పోయిన నెలలో పెద్దమ్మ నాకొక మసిగుడ్డ తెచ్చి ఇచ్చింది. పైకి పోయేకొద్దీ సన్నబడి ఉంది. అచ్చం నా గుడారమే. నలభై ఏళ్లుగా అల్లుతున్న చెయ్యి! చెబితే చిన్నబుచ్చుకుంటుందని ఆమె వెళ్లాక విప్పి, సరిగ్గా అల్లి, గోడ మేకుకు తగిలించాను. మర్నాడు వచ్చి దాన్ని చూసి, "బాగా కుదిరింది కదూ?" అంది. "నీ చెయ్యి కదా, పెద్దమ్మా," అన్నాను. అలా మూడు గుడ్డలు విప్పి అల్లాను. ఒకరోజు గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుని, "నీ మొదటి గుడ్డలా ఈ తలుపు కూడా సన్నబడిందే!" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

పోయిన మంగళవారం పొద్దున మెట్ల మలుపులో, ఎడమవైపు మెట్టు కనపడక కాలు గాల్లో వేసి పడిపోయింది. పాపను చంకనేసుకుని ఆమెతోపాటు ఆసుపత్రికి వెళ్లాను. వార్డు గుమ్మంలో నర్సు చెప్పింది: నెల క్రితమే మెదడులో చిన్న నరం దెబ్బతిందట, ఎడమవైపు చూపు పోయిందట. ఆ సంగతి ఆమెకే తెలియదట.

"ఇంట్లో ఎవరూ గమనించలేదా, అమ్మా?"

గమనించాను. మూడుసార్లు. నిద్రపోయే పాప ముక్కు దగ్గర వంద సార్లు వేలు పెట్టినదాన్ని, అంత తప్పు కళ్లెదుట పెట్టుకుని నా చేత్తోనే దిద్ది దాచేశాను. నర్సుకు మాత్రం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

చంటిపిల్లలతో వార్డులోకి పోనివ్వరు. పాపను వదిలి వెళ్లేంతగా నేను నమ్మేది ఒక్క మనిషిని. ఆ మనిషే ఆ మంచం మీద ఉంది. నూలు ఉండ, కొక్కెం సూది మాత్రం నర్సు చేతికిచ్చి పంపాను.

అందుకే అడుగుతున్నాను. మీరు ఆ ఆసుపత్రికి మీవాళ్లెవరినైనా చూడటానికి వెళ్తే, రెండో అంతస్తులో ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కుడివైపు నిలబడండి, ఎడమవైపు ఉంటే మీరు కనపడరు. పాప బాగానే ఉందని చెప్పండి. ఆమె అల్లుతూ ఉంటే వరుస అయ్యేదాకా ఉండి అంచు చూడండి. చివరి కుట్టు వదిలేస్తే, వదిలేశావు పెద్దమ్మా అని చెప్పండి. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి.