అయిదుగురి గది

"ఆ వేణ్ణీళ్ళ కెటిలు పెట్టావా? అక్కడికెళ్ళాక లేదంటే నా చేత కాదు," అన్నాడు భర్త, చేతిలోని ఫోను మీదినుంచి చూపు తిప్పకుండానే.

ఆమె పెట్టింది. కెటిలు ఒక్కటే కాదు, ఆ చవక హోటళ్ళ గదుల్లో గోడకు రెండే ప్లగ్గులుంటాయి గనుక పొడుగు తీగ ఉన్న ప్లగ్గుల బోర్డు పెట్టింది. మనిషికొక తువ్వాలే ఇస్తారు గనుక నాలుగు తువ్వాళ్ళు పెట్టింది. పార్కులో నీళ్ళ ఆటలు ముగిసేసరికి పిల్లల బట్టలు ముద్దవుతాయి గనుక వాటిని ఆరవేయడానికి ఒక సన్నని తాడూ, డజను క్లిప్పులూ పెట్టింది. అత్తగారి మోకాళ్ళ మందు, నాలుగు రోజులకని పుట్టింటికి వచ్చిన వదినగారి తలగడ, కొడుకు వాంతి చేసుకుంటే పనికివచ్చే సంచులు, ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పద్యంలో గణాల్లాగా ఒదిగి కూర్చున్నాయి. ఒక్కటి జరిపితే సంచి మూత పడదు.

మూడేళ్ళ క్రితం అదే థీమ్ పార్కుకు, అదే హోటలుకు ఒకసారి వెళ్ళి అష్టకష్టాలు పడి నేర్చుకున్న విద్య ఇది. లిఫ్టు పక్క గది తీసుకోరాదు. ఉదయం ఏడున్నర దాటకముందే ఫలహారశాలకు వెళ్ళాలి, దాటితే రొట్టెముక్కల దగ్గర కూడా క్యూ ఉంటుంది. హోటలు వాళ్ళ బస్సు ఎనిమిదింటికి మొదటిది, దాన్ని అందుకున్నవాడే అదృష్టవంతుడు. నడిమధ్యాహ్నం పార్కు కిటకిటలాడుతుంది గనుక అప్పుడు గదికి వచ్చి నడుము వాల్చి, ఎండ తగ్గాక మళ్ళీ వెళ్ళాలి. ఈ సంగతులన్నీ ఆమె ఒకసారి రెండు పేజీల్లో రాసింది. ఆమె పనిచేసేది నీటి సరఫరా ఆఫీసులో, ఫిర్యాదులు తీసుకునే బల్ల దగ్గర. పై అధికారి కుటుంబం అక్కడికి వెళ్తూ అడిగితే టైపు చేసి ఇచ్చింది. వారం తిరిగేసరికి ఆ రెండు పేజీలూ "మా కుటుంబ అనుభవాలు" అన్న శీర్షికతో, కింద ఆయన సంతకంతో నోటీసు బోర్డుకెక్కాయి. ఆమె దాని ముందు నిలబడి చదువుకుంటూ ఉంటే ఆయన వెనకనుంచి వచ్చి, "టైపు భలే చక్కగా చేశారమ్మా, ఒక్క తప్పు లేదు," అన్నాడు. ఆ పొగడ్తకు ఆమె నవ్వింది. తాను ఎందుకు నవ్విందో ఇంటికి వచ్చి గిన్నెలు తోముతున్నంతసేపూ ఆలోచించింది గాని అంతుపట్టలేదు.

ఏ ప్రయాణానికైనా ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఒక కాగితం తీసి, మనిషికొక వరుస చొప్పున ఎవరికేమి కావాలో రాసుకునేది. అత్తగారికి కింది పడక, స్నానాలగది దగ్గరగా ఉండాలి. వదినగారికి కిటికీ పక్కన, చల్లగాలి ముఖాన కొట్టరాదు. భర్తకు ఈతకొలను వైపు గది పనికిరాదు, చప్పుడుంటే కన్ను మూతపడదు. కూతురికి పై పడక కావాలి. కొడుక్కీ పై పడకే కావాలి. ఆ తగవుకు రోజుకొకరని తీర్పు కూడా ఆ కాగితం మీదే ఉంది. గది బుక్ చేసే రోజున ఆ కాగితం పక్కన పెట్టుకుని, వరుసలన్నీ లెక్కపెట్టుకుని, ఎంతమందో ఆ అంకె కొట్టి, హమ్మయ్య అనుకుంది.

తెల్లవారి బయలుదేరితే హోటలు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. రిసెప్షన్ బల్ల వెనక నడివయసు ఆవిడ, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, రంగుల పట్టీలు లెక్కపెట్టి బల్లమీద పరిచింది.

"ఇవి చేతికి కట్టుకోవాలండీ. పట్టీ లేకపోతే పార్కులోకి రానివ్వరు, మా బస్సూ ఎక్కనివ్వరు. అయిదు."

"ఆరుగురం," అన్నాడు భర్త.

"బుకింగులో అయిదే ఉందండీ. ఇచ్చింది కూడా అయిదుగురి గదే. అగ్నిప్రమాదాల రూలు, ఒక్కరు ఎక్కువైనా కుదరదు."

అతడు భార్య వైపు తిరిగాడు. "ఏమిటిది? ఈ ఒక్క పనీ నీకప్పజెప్పాను కదా."

అతడు చెప్పిన ఆ 'ఒక్క పని'లో ఎన్ని పనులున్నాయో లెక్కించే స్థితిలో ఆమె లేదు.

"ఊరందరికీ సలహాలు చెప్తుందిగా మా మరదలు," అంది వదిన, అందరికీ వినబడేటట్టు. "ఇంట్లో తలకాయలు లెక్కపెట్టడం మాత్రం మర్చిపోయినట్టుంది. ఏమ్మా, నాలుగు రోజులుండి వెళ్ళిపోయేదాన్నే కదా అని నన్ను తీసేశావా?"

"నిన్నెందుకు తీసేస్తుందే," అంది అత్తగారు కుర్చీలోంచి. "నన్నే. ముసలిదానికి ఈ తిరుగుళ్ళెందుకని నన్నే వదిలేసుంటుంది. అనవే, పరవాలేదు. పడేదాన్ని పడతాను."

"అమ్మా, నన్నా?" అని కొడుకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వాణ్ణి చూసి కూతురూ మూతి బిగించింది.

ఆమె గబగబ చేతిసంచిలోంచి కాగితం తీసింది. "లేదండీ, లేదత్తయ్యా, అందరూ ఉన్నారు. చూడండి. మీరున్నారు. వదినగారున్నారు. ఆయన, పాప, బాబు... అందరూ ఉన్నారు." మళ్ళీ ఒకసారి చదివింది. వేలు పెట్టి చదివింది. అయిదు వరుసలు. ఎవరూ తప్పిపోలేదు. మరి పట్టీ ఎందుకు తక్కువైంది?

రిసెప్షన్ ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "మరి మీరమ్మా?"

పూర్వం పదిమంది ఏరు దాటారట. ఒడ్డుకు చేరాక ప్రతివాడూ మిగిలినవాళ్ళను లెక్కపెట్టి, తొమ్మిదిమందే ఉన్నామని, పదవవాడు ఏట్లో కొట్టుకుపోయాడని గొల్లుమన్నారట. దారినపోయే ఒక పుణ్యాత్ముడు వచ్చి, ఆ పదవవాడివి నువ్వే నాయనా అని చెప్పవలసి వచ్చింది. ఆ కథ విన్నవాళ్ళందరూ వాళ్ళ అమాయకత్వానికి నవ్వుతారు. ఆమె కూడా చిన్నప్పుడు నవ్వింది. ఇప్పుడు ఆ బల్ల ముందు, నలుగురిలో, కాగితం చేత పట్టుకుని, ఆమెకు నవ్వు రాలేదు. తనను ఎవరో మరచిపోయి ఉంటే కోపం తెచ్చుకోవచ్చు. మరచిపోయినది తానే. నీకేం కావాలని పదమూడేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు గనుక కాగితం మీద ఆ వరుస పుట్టనే లేదు. అడగకపోవడం వాళ్ళకు ఎంత అలవాటో, అడగబడకపోవడం తనకూ అంత అలవాటై కూర్చుంది.

"ఓస్, అంతేనా," అన్నాడు భర్త, తేలికపడి. కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు. అత్తగారు కూడా కుర్చీలో వెనక్కి ఆనుకుంది. తప్పిపోయింది తాము కాదని తేలగానే ఆ కుటుంబమంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నది.

హోటలు నిండిపోయిందని, పట్టీ ఒకటి ఇవ్వగలనని, గది మాత్రం ఒకే ఒకటి ఉన్నదని ఆవిడ చెప్పింది. మూడో అంతస్తులో చివరిది. యాత్రికులను తెచ్చే బస్సుల డ్రైవర్ల కోసం కట్టిన గది. ఒక్క మంచం. కింద బట్టలుతికే మరలుంటాయి. "బయటికి చూస్తే ఆరేసిన దుప్పట్లు తప్ప ఏమీ కనబడవు, ముందే చెప్తున్నాను. అద్దె మాత్రం నామమాత్రం."

"సరే, నేనే ఎలాగో సర్దుకుంటాను అందులో," అన్నాడు భర్త, పెద్ద త్యాగం చేస్తున్న గొంతుతో. "పొద్దున్నుంచీ బండి నడిపి నడుము పట్టేసింది. నువ్వు పిల్లల్తో, అమ్మతో ఆ గదిలో పడుకో."

"పాపం, వాడు అలిసిపోయాడు," అంది వదిన.

రిసెప్షన్ ఆవిడ కలం పట్టుకుని ఉంది. అతణ్ణి కాక ఆమెనే చూస్తూ అడిగింది. "ఎవరి పేరు రాయమంటారమ్మా?"

ఆమెకు గొంతులో మాట ఒకటి వచ్చి ఆగింది. ఇన్నేళ్ళుగా అక్కడిదాకా వచ్చి వెనుదిరిగిన మాటలు ఎన్నో ఉన్నాయి. ఇది మాత్రం, బహుశా ప్రయాణపు బడలికవల్లనేమో, వెనుదిరగడానికి ఓపిక లేక బయటికే వచ్చింది.

"నా పేరే రాయండి."

"నువ్వొక్కదానివా?" అన్నాడు భర్త. "కొత్తచోటు, భయమేస్తుందేమో."

"వెయ్యదండీ."

"సరేలే. ఈ ఒక్క పూటకి కానీ. రేపు ఏదో ఒకటి చూద్దాం."

ఆ గది ఎంతుందంటే, మంచం మీద కూర్చుని కాళ్ళు చాస్తే ఎదుటి గోడకు తగులుతాయి. ఒక కుర్చీ, ఒక దీపం, చొక్కా తగిలించుకునే ఒక మేకు. కిటికీ అవతల పెరట్లో తెల్లని దుప్పట్లు వరుసగా ఆరుతున్నాయి. కింద మరలు తిరుగుతున్న చప్పుడు సన్నగా, ఎడతెగకుండా, జపం చేస్తున్నట్టు వస్తున్నది. ఆ చప్పుడు వినగానే అలవాటుగా లేవబోయింది. బట్టలు తీయాలి, పిండాలి, ఆరవేయాలి. లేవబోయి ఆగింది. ఆ బట్టలు తనవి కావు. ఈ లోకంలో తాను తీయనక్కరలేని బట్టలు కూడా ఉతకబడుతూ ఉంటాయని ఆమెకు అప్పుడు స్ఫురించి, ఒళ్ళంతా ఒక్కసారి వదులైంది. పొద్దు ఇంకా గుంకలేదు. పక్కమీద వాలింది. కుడిపక్కకు తిరిగితే ఎవరి నిద్రా చెడదు. ఎడమపక్కకు తిరిగినా ఎవరి చేయీ అడ్డు రాదు. ఆమె రెండు పక్కలకూ తిరిగి చూసుకుంది. తనలో తాను దేవుడికి ఒక దణ్ణం పెట్టుకుని, ఏదైనా కోరుకుందామని ఆలోచిస్తూనే నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి మర్నాడు ఉదయం ఎనిమిది దాటి పది నిమిషాలు. మొదటి బస్సు వెళ్ళిపోయింది. ఫోనులో పదకొండు సందేశాలున్నాయి. తువ్వాళ్ళేవి, కెటిలు ఏ సంచిలో పెట్టావు, బాబు సాక్సు ఒకటే దొరికింది, అమ్మ మందు ఎక్కడ. చివరిది మాత్రం "దొరికాయిలే" అన్న ఒక్క మాట. ఆ మాటను ఆమె మూడుసార్లు చదువుకుంది. తాను చెప్పకుండా కూడా దొరికాయి!

కింద కలుసుకున్నప్పుడు భర్త చొక్కా తిరగేసి తొడుక్కుని ఉన్నాడు. "ఈ పిల్లలు రాత్రి నాలుగుసార్లు లేచారు తెలుసా? ఒకడికి నీళ్ళు, ఒకత్తికి బాత్రూము. నా కళ్ళు చూడు."

"వాళ్ళు ఎప్పుడూ నాలుగుసార్లే లేస్తారండీ," అంది ఆమె.

రొట్టెల క్యూలో వెనకవాళ్ళు తోస్తుంటే అతడు ముందుకు జరిగాడు.

ఆ మధ్యాహ్నం ఎండకు అందరూ పార్కునుంచి తిరిగివచ్చి వెళ్ళి పడుకున్నాక ఆమె గది తలుపు ఎవరో తట్టారు. అత్తగారు. మోకాళ్ళు పట్టుకుని, ఆయాసపడుతూ.

"మందు అయిపోయిందా అత్తయ్యా?"

"మందు ఉందిలే. కాస్త కూర్చోనియ్యి." ఆవిడ కుర్చీలో కూర్చుని గోడలు చూసింది, మేకు చూసింది, కిటికీలోంచి దుప్పట్లను చూసింది. అప్పుడు అంది, "ఇక్కడ ఎవరూ పిలవరేమే?"

"పిలవరండీ."

"నా కాపురంలో నేను తలుపేసుకుని పడుకున్నది రెండే సార్లు. రెండు పురుళ్ళకీ. అప్పుడూ బయటినుంచి అడిగేవాళ్ళు, పప్పుల డబ్బా ఎక్కడుందని." ఆవిడ పకపక నవ్వింది. నవ్వుతూనే పమిటతో కళ్ళొత్తుకుంది. ఆ ఇంటికి వచ్చిన తరువాత అత్తగారి కళ్ళలోకి అంతసేపు చూడటం కోడలికి అదే మొదలు. ఈవిడ దగ్గర కూడా అటువంటి కాగితం ఒకటి ఉండేదేమో, దానిమీదా ఒక వరుస తక్కువై ఉండేదేమో అనిపించింది. నిన్నటిదాకా ములుకుల్లా తగిలిన మాటలన్నీ ఎక్కడివో కొంత తెలిసినట్టయింది.

నాలుగింటికి అందరూ కిందికి దిగేసరికి రిసెప్షన్ ఆవిడే పలకరించింది. "మీకు ఒక మంచిమాట. ఆరుగురి గది ఇప్పుడే ఖాళీ అయింది. అందరూ ఒకేచోట ఉండొచ్చు."

"హమ్మయ్య!" అన్నాడు భర్త. నిజంగానే అతని ముఖం వెలిగింది. "విన్నావా? వెళ్ళి ఆ గదీ ఈ గదీ సర్దేసి సామానంతా అందులో పెట్టేసెయ్యి. మేము పిల్లల్ని తీసుకుని బస్సు దగ్గరుంటాం."

నిన్న మాట తనంతట తాను బయటపడింది. ఇవాళ ఆమె దాన్ని చేయి పట్టుకుని తెచ్చింది. "మీరు మారండి. నేను నా గదిలోనే ఉంటాను."

"ఇంకెందుకు? చోటుంది కదా!"

"ఉందండీ. నాకు అక్కడ బాగుంది."

"చూశావా అమ్మా, ఒక్క పూటకే ఎంత గర్వం వచ్చిందో నీ కోడలికి," అంది వదిన తల్లితో.

తల్లి ఆ మాట విననట్టే, మోకాలి మీద చేయి ఆనించి, బల్ల దగ్గరికి మెల్లగా నడిచింది. "ఏమ్మా, ఆ డ్రైవర్ల గదులు ఇంకోటేమైనా ఉన్నాయా?"

"దాని పక్కదే పొద్దున ఖాళీ అయిందండీ. ఎవరికి?"

"నాకు."

"నీకెందుకమ్మా గది!" అన్నాడు భర్త.

"ఎందుకేమిటిరా? నిద్రపోడానికి."

అతడు తల్లిని చూశాడు, భార్యను చూశాడు, అక్కను చూశాడు. అక్క అప్పుడే పైకప్పు దీపాలను పరిశీలించసాగింది. "మరి... రాత్రి పిల్లలు లేస్తే ఎవరు చూస్తారు?"

"మీరు చూస్తారండీ," అంది ఆమె, అతి మామూలుగా, కెటిలు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

అనేశాక, ఆకాశం విరిగి మీద పడుతుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూసింది. ఏమీ పడలేదు. కొడుకు వచ్చి తండ్రి చేయి పట్టుకున్నాడు. రిసెప్షన్ ఆవిడ రెండో తాళంచెవి కోసం సొరుగు లాగింది.