ఐలీ లాహ్తీ పీకేసిన ప్లగ్గు

అక్టోబరులో ఒక మధ్యాహ్నం చర్చి వంటగదిలో కాఫీ వంపుతుండగా, లయ తప్పితే షాక్ ఇచ్చేందుకు ఐలీ లాహ్తీ గుండె దగ్గర అమర్చిన చిన్న యంత్రం ఆమెను గుర్రం తన్నినట్టు తన్నింది. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉంది. డాక్టరు ఆర్నెల్లపాటు కారు తోలవద్దన్నాడు. ఆ ఇనుపగనుల ఊళ్లో, మోకాలిలోతు మంచులో ముప్ఫై ఏళ్లు బడి బస్సు నడిపిన మనిషికి అది మింగుడుపడలేదు.

"అసలు నా గుండె ఏం తప్పు చేసిందని తన్నింది?" అని క్లినిక్కులో నిలదీసింది.

"రీడింగులన్నీ మీ మంచం పక్కనున్న పెట్టెలోంచి యంత్రం చేసిన కంపెనీకి పోతాయండీ. షాక్ ఇచ్చింది అన్న ముక్క తప్ప మాకేమీ రాదు" అంది నర్సు జోలీన్.

"మరి నాకు?"

"పేషెంట్లకి ఇవ్వరండీ."

జోలీన్ వెనక గోడ మీద ఒక పోస్టరు ఉంది. వేలమంది గుండె రీడింగులతో పెద్ద పరిశోధన సాగుతోందనీ, తోడ్పడుతున్న మీకు కృతజ్ఞతలనీ దాని సారాంశం.

"ఊరందరికీ చూపించే నా గుండెని నాకు చూపించడానికేం రోగం?" అని లేచి వచ్చేసింది ఐలీ. ఇంటికొచ్చి పెట్టె ప్లగ్గు పీకేసింది.

నాలుగు రోజులకు జోలీన్ ఫోన్ చేసింది. "ఐలీ గారూ, మీ రీడింగులు రావట్లేదని కంపెనీవాళ్లు చెప్పారు. కరెంటు పోయిందా?"

"లేదమ్మా. సమ్మె చేస్తున్నా."

"సమ్మేంటండీ!"

"మా నాన్న గనిలో చేసిందే. తవ్వేది మేము, తరలించుకుపోయేది మీరు."

కూతురు కిర్‌స్తీ డులూత్ నగరం నుంచి పరుగున వచ్చింది. "పిచ్చా అమ్మా నీకు? నీకేమన్నా అయితే ఎవరికి తెలుస్తుంది?"

"తన్నే యంత్రం లోపలే ఉందిగా, దాని పని అది చేస్తుంది. కబుర్లు మోసేదాన్నే ఆపా."

"మొండిఘటానివి."

"నువ్వెవరి కూతురివే మరి?"

పైకి అలా అన్నదే గానీ, పెట్టె మీది పచ్చ దీపం వెలగని ఆ మూల వైపు చూసినప్పుడల్లా ఐలీకి గుబులుగానే ఉండేది.

గుండెజబ్బుల వాళ్లకు ఆసుపత్రిలో పెట్టే వ్యాయామం క్లాసులో, సైకిలు తొక్కుతూ ఐనో మాకి వెటకారమాడాడు. "ఒక్కదానివే చేస్తే దాన్ని సమ్మె అనరు ఐలీ, అలక అంటారు."

"అయితే నువ్వూ రా. నీ పెట్టెకి ప్లగ్గు లేదా?"

నవ్వుతూనే వెళ్లి ఐనో కూడా పీకేశాడు. తర్వాత అతని తమ్ముడు, ఆ తర్వాత ఇద్దరు పాత గనికార్మికులు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ వచ్చేసరికి క్లాసులో సగానికి పైగా పెట్టెలు మూగబోయాయి.

అప్పుడు కదిలింది మినియాపొలిస్ నగరంలోని పరిశోధన కేంద్రం. పరిశోధన నడిపే డాక్టర్ రెనాటా బియసెన్యోర్ మంచులో కారేసుకుని వచ్చి, ఐలీ వంటింట్లో కూర్చుంది. ఐలీ యాలకుల రొట్టె కోసి పెట్టింది.

"మీ ప్రాంతం లేకపోతే మా లెక్కలు కుంటుపడతాయండీ" అంది డాక్టరు.

"అది మీ బాధ. ముందు నా బాధ వినండి."

డాక్టరు చివరిదాకా విని తలదించుకుంది. "నేనడిగితే కంపెనీ రీడింగులు నాకిచ్చింది. మీకూ ఇవ్వాలని ఒప్పందంలో రాయించాలని నాకు తట్టనే లేదు."

"ఇప్పుడు తట్టిందిగా. రాయించండి."

కంపెనీ రెండుసార్లు కుదరదంది. డాక్టరు వదల్లేదు, ఊళ్లో పెట్టెలూ వెలగలేదు. జనవరిలో కంపెనీ దిగివచ్చి, అడిగిన ప్రతివాళ్లకీ వాళ్ల రీడింగులు ఇస్తానంది.

క్లినిక్కులో డాక్టర్ రెనాటా కంప్యూటరును ఐలీ వైపు తిప్పింది. "ఇదిగో, ఇక్కడ మీ గుండె కొట్టుకోవడం మానేసి వణికింది. యంత్రం తన్నకపోయుంటే మీరు లేచేవారు కాదు."

ఇన్నాళ్లూ తప్పు యంత్రానిదేనని నమ్మిన ఐలీ ఆ పిచ్చిగీతల వెంట చివరిదాకా వేలు జరిపింది.

"చూశావా అమ్మా?" అంది తోడొచ్చిన కిర్‌స్తీ.

"చూశా. నేను చచ్చి బతికిన సంగతి కంపెనీలో ఎవడికో అక్టోబరులోనే తెలుసు. నాకిప్పుడు తెలిసింది. అందుకే పీకా. మళ్లీ దాస్తే మళ్లీ పీకుతా."

డాక్టరు ఆ గీతల కాగితం ప్రింటు తీసి ఐలీ చేతిలో పెట్టింది.

"బయట ఐనో కూర్చున్నాడు" అంది ఐలీ కోటు తొడుక్కుంటూ. "అతనిదీ, మిగతావాళ్లదీ చూపించండి. ఆ తర్వాతే మా పెట్టెలు వెలుగుతాయి."

డాక్టరు లేచి తలుపు తీసి, ఐనోని లోపలికి పిలిచింది.