గుండె గోడలో మచ్చ

జేకేపూర్ కాలనీ బడిలో ఆటలు నేర్పే హరిప్రియకు ఇరవై తొమ్మిదేళ్ళు. నాలుగు నెలల క్రితం ఆమె అన్న సూర్యప్రకాష్ తాను పనిచేసే కాగితం మిల్లులో మెట్లెక్కుతూ కూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది. గుండె కండరం మందమైపోయిందనీ, అది వంశంలో వచ్చే జబ్బనీ, ఇంట్లోవాళ్ళంతా చూపించుకోవాలనీ డాక్టర్లు చెప్పారు. కొరాపుట్ ఆసుపత్రిలో తీసిన ఎకో పరీక్షలో హరిప్రియ గుండె గోడ కూడా మందంగానే కనబడింది. కండరంలో మచ్చలు కట్టాయో లేదో ఎం.ఆర్.ఐ.లో బాగా తెలుస్తుందని విశాఖపట్నం పంపారు.

మచ్చలు ఎక్కువైతే గుండె ఉన్నట్టుండి లయ తప్పి ఆగిపోవచ్చట. ఆ మాట విన్న దగ్గర్నుంచి హరిప్రియ పిల్లలను పరిగెత్తించి, తాను మాత్రం కుర్చీలో కూర్చుని ఈల వేసేది.

స్కానింగ్ గదిలో టెక్నీషియన్ గిరీష్ ఆమె చేతిలో రబ్బరు బంతి పెట్టాడు.

"భయమేస్తే ఇది నొక్కండి మేడమ్. ఊపిరి ఆపమన్నప్పుడు ఆపాలి."

బల్ల గొట్టంలోకి జరిగింది. మొహానికి జానెడు దూరంలో కప్పు. దబదబమని చప్పుడు. ఊపిరి ఆపడం మూడోసారి. గుండె కూడా ఆగిపోయిందనిపించింది. బంతి నొక్కేసింది. గిరీష్ బల్లను బయటికి లాగేశాడు.

బయట తల్లి సింహాచలమ్మ కూతురి చేతులు పట్టుకుంది.

"నా వల్ల కాదమ్మా. ఇంటికి పోదాం."

సింహాచలమ్మ నెమ్మదిగా అంది. "మీ అన్న అంతకుముందు రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయేడమ్మీ. మిల్లులో తెలిస్తే పని పోద్ది, ఎవరికీ సెప్పకన్నాడు. నాను సెప్పలేదు."

హరిప్రియకు కోపం రాలేదు.

"నేనూ పడిపోయేనమ్మా. పోయిన నెల, గ్రౌండులో."

"ఏటి? డాక్టరుకి సెప్పేవా?"

"లేదు."

తల్లి లేచి నిలబడింది. "లెగు. ఇప్పుడే సెప్పు."

హరిప్రియ వెళ్ళి డాక్టరుకు చెప్పింది. మళ్ళీ బల్ల మీద పడుకుంది. మచ్చలు తెల్లగా కనబడేలా చేసే మందు నరంలోకి ఎక్కించారు. గంటసేపు కళ్ళు తెరవలేదు.

సాయంత్రం డాక్టర్ పద్మప్రియ తెర మీద చూపించారు. మందు నిలిచిపోయిన చోట కండరం తెల్లగా మెరుస్తోంది.

"ఇదంతా మచ్చే. ఎక్కువగానే ఉంది. పైగా మీరు పడిపోయారు కూడా. ఆలస్యం చేయొద్దు. లయ తప్పితే సరిచేసే పరికరం ఛాతీలో పెడదాం."

ఆ వారమే పెట్టారు.

నెల తర్వాత తల్లిదండ్రులిద్దరికీ కొరాపుట్‌లో ఎకో తీయించింది హరిప్రియ. తండ్రి భీమారావుది బాగానే ఉంది. సింహాచలమ్మ గుండె గోడ మందంగా ఉంది.

"అయితే ఆడికి ఈ జబ్బు నానే ఇచ్చేనా అమ్మీ?"

హరిప్రియ తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"నన్నూ ఆ గొట్టంలోకి పంపిస్తారా? నాకు భయమేస్తందే."

"నాకూ భయంగానే ఉందమ్మా. అయినా ఎల్దాం."