అరిగిపోయిన వద్దు

రోజూ సాయంత్రం చిన్నది చెప్పులైనా విప్పకముందే తల్లి అడిగే మాట ఒకటే. "ఇవాళ ఏ మాట అరగ్గొట్టుకొచ్చావే?"

డబ్బింగ్ చెప్పేవాళ్ల ఇళ్లలో ఇది మామూలే. మైకు ముందు ఒకే మాట మరీ ఎక్కువసార్లు అంటే అది అరిగిపోతుంది. నెలకో, రెండు నెలలకో మళ్లీ చిగురిస్తుంది. విలన్లకు చెప్పేవాడి తిట్లన్నీ అరిగిపోయిన ఏడాది అతని పెళ్లాం కాస్త ఒళ్లు చేసింది. అమ్మ వేషాలకు చెప్పే పెద్దావిడ "నాన్నా" అన్న మాట పోగొట్టుకుని కొడుకుని చప్పట్లు కొట్టి పిలుస్తుంది. చిన్నదానికి కిందటేడు "ప్రేమ" పోయింది. ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు.

ఆమె చెప్పేవన్నీ పాత ఇంగ్లీషు ప్రేమ నవలల సినిమాలు. గుర్రపు బండ్లు, పొడుగు గౌన్లు, వానలో తడిసే పెద్దమనుషులు. ఈసారిది గడియారాలు బాగుచేసేవాడి కూతురి కథ. ఆ నవలను సినిమాగా తీయడం మూడోసారి, మూడుసార్లూ గొంతు ఈమెదే. ఎస్టేటు యజమాని తోటలో నిలబడి, నీ అంతస్తు తక్కువైనా నిన్ను చేసుకుంటానంటాడు. ఆ పిల్ల వద్దంటుంది. ఆ ఒక్క వద్దు కోసమే జనం తరతరాలుగా ఆ నవల చదువుతున్నారు.

పాత సినిమాల్లో ఆ ముక్క ఒక్క టేకులో అయిపోయింది. కొత్త సినిమాలో హీరోయిన్ మొహం తెరనిండా ఉంది.

"ఆమె పెదవులు కలుస్తున్నాయమ్మా. నీ వద్దులో కలవడం లేదు," అన్నాడు డబ్బింగ్ డైరెక్టరు.

"కుదరదు అననా?"

"అను... ఊహూఁ. ఇంకోటి."

"ఒప్పుకోను?"

"పొడుగైపోయింది."

భాషలో ఉన్న వద్దులన్నీ పదేసిసార్లు వాడేశాక, "మొదటిదే బాగుందమ్మా," అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూ, చెయ్యి అడ్డం పెడుతూ చెప్పే రకం. అవీ అరిగాయి.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంది.

"ఇంకొంచెం వడ్డించనా?" అంది తల్లి.

నోరు తెరిచింది, ఏమీ రాలేదు. తల్లి వడ్డించింది. "ఇంకొంచెం?" చెయ్యి కంచం మీదకు లేవలేదు. మళ్లీ వడ్డించింది. కంచంలో గుట్ట లేచింది.

"అయ్యో, దీనికి ఇవాళ వద్దు పోయినట్టుందిరా!" అని నవ్వింది తల్లి.

ఎదురుగా అన్న తినడం ఆపి ఆ గుట్ట వంక చూశాడు. చెయ్యి కడుక్కుని ఫోను తీశాడు. "బావగారూ, రేపే రండి. అబ్బే, ఈసారి ఏమీ అనదు."

అప్పుడే బావగారైపోయిన మనిషికి టైల్స్ షాపుంది. పెళ్లయ్యాక మైకు మానెయ్యాలన్నది అతని షరతు. చిన్నది ఇప్పటికి రెండుసార్లు మొహం మీదే వద్దంది.

మర్నాడు అక్కగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. టీవీలో ఆ నవల రెండో సినిమా వస్తోంది. అక్కగారి కళ్లు దానిమీదే ఉన్నాయి.

"మావాళ్లందరూ కాదన్నారు. గొంతు అమ్ముకునే పిల్లేమిటన్నారు. నేనే పోనీలే అన్నాను," అన్నాడు షాపాయన.

ఎస్టేటు యజమానికీ ఇతనికీ గుర్రం ఒక్కటే తేడా. జవాబు ఆమెకు కంఠతా వచ్చు.

"ఏమంటావు చిన్నీ?" అన్నాడు అన్న, ఎంతో ప్రేమగా.

"వద్దు," అంది ఆమె గొంతు.

అందరూ ఉలిక్కిపడి చూశారు. టీవీలో. "మీ తోటా వద్దు, మీ దయా వద్దు," అంటోంది గడియారాలవాడి కూతురు.

"ఎంత ఆత్మాభిమానమో! ఆడపిల్లంటే అలా ఉండాలి," అని కళ్లొత్తుకుంది అక్కగారు.

"ఆ గొంతు మా అమ్మాయిదేనండీ," అంది తల్లి గర్వంగా. అని, కూతురి మొహం చూసింది. "ఒక్క నెల ఆగుదాంరా," అంది కొడుకుతో.

"ఎందుకూ?"

తల్లి వద్దు కూడా ఏనాడో అరిగిపోయింది, మైకు లేకుండానే.

చిన్నది లేచి నిలబడింది.

"సిగ్గు," అన్నాడు అన్న.

షాపాయన మర్యాదగా రిమోటు అందుకుని సౌండు తీసేశాడు.

"మౌనం అర్ధాంగీకారం. మిగతా సగం నాది," అన్నాడు అన్న.

పెళ్లి పై వారంలో పెట్టుకున్నారు.

తెరమీద ఆ పిల్ల ఇంకా ఏదో అంటూనే ఉంది. అలవాటుకొద్దీ చిన్నది కూడా పెదవులు కదిపింది. ఎక్కడా తప్పలేదు. ఇద్దరి పెదవులూ సరిగ్గా కలిశాయి.