ఇస్కాంగ్ అమ్మమ్మ తడి చెయ్యి

ఎల్పిడియో వచ్చినప్పుడల్లా ఇస్కాంగ్ అమ్మమ్మ చేతులు తడిగానే ఉండేవి. పెద్దల చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకోవడం వాళ్ళ దేశంలో దణ్ణం పెట్టే పద్ధతి. కుర్రాడు వంగేసరికి ఆవిడ, "చేపలు తోముతున్నా నాయనా, కంపు," అని చేతులు వెనక్కి పెట్టుకునేది. ఆ చేపలు ఎంత తోమినా తరిగేవి కావు మరి. చెయ్యే ఇవ్వని మనిషి అతనికి తన్నేం ఇస్తుందని మనవరాలు నెలియాకు దిగులు పట్టుకుంది.

ఆవిడ కోపం ఊరికే రాలేదు. ఎల్పిడియో బడిలో పిల్లలకు జానపద నాట్యాలు నేర్పే మాస్టారు. ఊరి తిరునాళ్ళలో మైకు పట్టుకుని "కలినాంగన్, కలినాంగన్" అంటూ ఊదరగొట్టాడు. సంస్కృతికి వాళ్ళ భాషలో ఉన్న మాట అది. దున్ని, కలుపు తీసి, పదును చేసిన నేలలోంచి పుట్టిన మాట.

"నేలంటాడు, వాడి గోళ్ళలో మట్టేదీ?" అంది అమ్మమ్మ ఇంటికొచ్చాక. "పిల్లలకి రంగు గుడ్డలు కట్టి గెంతిస్తే అయిపోయిందా? మన మగాళ్ళు పిల్లనడిగే ముందు ఆ ఇంటి చాకిరీ చేసేవాళ్ళు. వచ్చి పెరట్లో బీడు కొట్టమను. ఆదివారం సంబంధం మాట్లాడ్డానికొచ్చే వాళ్ళమ్మానాన్నల్ని గుమ్మం ఎక్కనివ్వాలో లేదో అప్పుడు చెప్తా."

శనివారం పొద్దున్నే కత్తి పట్టుకుని వచ్చాడు. పెరట్లో గడ్డి నడుమెత్తు పెరిగి ఉంది, మధ్యలో ఓ పుట్ట. అందులో కంటికి కనపడని పుట్టతాత ఉంటాడనీ, అడక్కుండా కత్తి వేస్తే కాళ్ళు వాచిపోతాయనీ ఊరందరికీ తెలుసు. పట్నంలో చదివినవాడికి గుర్తుంటుందా? సైగ చేద్దామంటే అమ్మమ్మ నెలియాను కిటికీ దగ్గర తన పక్కనే కూర్చోబెట్టుకుని వెల్లుల్లి ఒలిపిస్తోంది.

"నోరు మెదిపావంటే ఊరుకోను," అంది ముందే.

ఎల్పిడియో కత్తి ఎత్తాడు. ఎత్తినవాడు ఆగి, టోపీ తీశాడు.

"కాస్త తప్పుకోండి తాతగారూ. కనపడక తగిల్తే ఏమీ అనుకోకండి."

పక్కింటాయన్ని పలకరించినట్టే అన్నాడు. పుట్ట జోలికి పోకుండా చుట్టూ కొట్టుకుంటూ వెళ్ళాడు. నెలియా మళ్ళీ వెల్లుల్లి ఒలవడం మొదలెట్టింది.

మధ్యాహ్నం అతను అరుగు దగ్గరికి రాగానే అమ్మమ్మ అడిగింది. "పాఠాలు చెప్పేవాడివి, పుట్టలో తాతున్నాడంటే నమ్ముతావా?"

గండం గడిచిందనుకున్న నెలియా ఒలవడం ఆపి అతనికేసి చూసింది.

"ఉన్నాడో లేదో నాకు తెలీదండి. మా తాతయ్య అడక్కుండా ఎప్పుడూ కత్తి వెయ్యలేదు. అడక్కపోతే నాకే సిగ్గేస్తుంది."

"మైకులో ఈ ముక్క చెప్పి దిగిపోతే పోయేదిగా," అని గొణిగింది అమ్మమ్మ. "రా, తిందువుగాని."

"వద్దండి, తినే వచ్చాను," అన్నాడు. ఆకలితో మొహం వాడిపోయి ఉంది.

"చూశావే, మర్యాదగా రెండోసారి పిలిపించుకోవడం కూడా తెలుసు వీడికి. రారా, అన్నం చల్లారిపోతోంది."

అలవాటుగా వంగబోయి, తన చేతులు చూసుకుని వెనక్కి పెట్టుకున్నాడు. "మట్టి చేతులండి."

"అందుకేగా రమ్మంది," అంటూ ఆవిడే చెయ్యి చాచి అతని నుదుటికి ఆనించింది. "రేపు పిల్లనడగడానికొచ్చేటప్పుడు మీ అమ్మని వంట పెద్ద గిన్నెతోనే తెమ్మను. మావాళ్ళు బాగా తింటారు."

నెలియాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెల్లుల్లి పొట్టంతా ఒళ్ళోంచి రాలిపోయింది.

"చేపలేవే అమ్మమ్మా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"ఇవాళ్టితో అయిపోయాయిలే," అంది ఇస్కాంగ్.