బోర్లా పడకముందే బొబ్బట్లు

“మీ పాప బోర్లా పడిందట కదండీ! చాలా సంతోషం” అన్నారు పక్కింటి సుబ్బాయమ్మగారు గోడ మీంచి. ఆవిడ చేతిలో సగం తిన్న బొబ్బట్టు ఉంది. నేనింకా డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పలేదు. నా కూతురి సంగతి నాకంటే ముందు వీధికి తెలిసిపోయింది.

మా వైపు ఇదొక మురిపెం. బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. మా తాతల నాడు బాప్తిస్మం తీసుకున్నప్పుడు చాలా వదిలేశాంగాని ఇవి మాత్రం వదల్లేదు. వంటింట్లో మా అత్తయ్య అచ్చాయమ్మగారు పొయ్యి ముందు చెమటలు కక్కుతూ ఆఖరి వాయి కాలుస్తున్నారు.

“ఎప్పుడు పడింది అత్తయ్యా?”

“పొద్దున్నే. నువ్వటు వెళ్ళావు, అదిటు పడింది” అన్నారు పెనం మీంచి చూపు తిప్పకుండా.

హన్నమ్మ ఉయ్యాల్లో నిద్రపోతోంది. అది ఎప్పుడూ నిద్రపోతూనే ఉంటుంది. ఏడుపన్నది ఎరగదు, ఇంత బుద్ధిమంతురాల్ని ఎక్కడా చూడలేదని వీధివీధంతా మెచ్చుకునేది. నేనూ పొంగిపోయేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం ఉయ్యాల పక్కన నిలబడి ఏడ్చాను. నా బిడ్డ మొదటిసారి ఒంటిని తిప్పుకుంటే చూసే భాగ్యం నాకు లేకపోయింది.

ఏలూరులో ఆడవాళ్ళ ఆసుపత్రిలో నేను నర్సుని. ఆ ఏడు, అంటే పంతొమ్మిది వందల ముప్ఫయ్యారులో, కొత్తగా చేరిన నర్సు పిల్లలకి పాఠం చెప్పే పని కూడా డాక్టరమ్మగారు నాకే అప్పగించారు. పాలు తాగే బిడ్డ మొదలుకొని మీసాలొచ్చే కుర్రాడి దాకా, పెద్దమనిషయ్యే పిల్ల దాకా, ఏ వయసుకి ఎంత ఎదగాలి, ఏం చెయ్యగలగాలి, ఎక్కడ అనుమానపడాలి అన్నది ఆ పాఠం. ఇంగ్లీషు పుస్తకం చదువుకుని మా భాషలో చెప్పేదాన్ని. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. ఇంట్లో నేను అంతసేపు మాట్లాడగా మధ్యలో ఎవరూ అడ్డం రాకుండా విన్న రోజు ఒక్కటీ లేదు. పదహారు పద్దెనిమిదేళ్ళకి మనిషి ఎదుగుదల పూర్తవుతుందని ఆ పుస్తకంలో ఉంది. మా ఇంట్లో ముప్ఫై రెండేళ్ళ మనిషికి తన మంచినీళ్ళు తను ముంచుకోవడం ఇంకా పట్టుబడలేదు. అది ఏ అధ్యాయంలో చేర్చాలో తెలియక నవ్వుకునేదాన్ని.

ఆ మనిషి మావారు, సత్యవేదంగారు, మిషన్ బడిలో మాస్టారు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాలుగో బొబ్బట్టు నెయ్యిలో అద్దుకుంటూ అన్నారు, “ఊళ్ళో పిల్లలందరి ఎదుగుదలా నీకే కావాలి లిడియా. మన పిల్ల బోర్లా పడితే చూడ్డానికి మాత్రం నువ్వు లేవు.”

చూడ్డానికి ఆయనా లేరు. బళ్ళో ఉన్నారు. ఆయన ఇంట్లో లేకపోతే అది ఉద్యోగం, నేను లేకపోతే అది తప్పు. పెళ్ళైన కొత్తల్లోనే “నర్సు ఉద్యోగమంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు” అని ఒకసారి, “నీ జీతం లేకపోతే మాకు పూట గడవదా” అని ఇంకోసారి అనడం మొదలుపెట్టారు. ఆ జీతం నెలనెలా ఆయన చేతిలోనే పడేది గనక, ఆ రెండో మాట ఎప్పుడూ నెల మధ్యలోనే వచ్చేది, ఒకటో తారీఖున వచ్చేది కాదు.

ఆదివారం ప్రార్థన అయి గుడి నుంచి వచ్చాక వసారాలో చాప పరిచి హన్నమ్మని పడుకోబెట్టాను. మళ్ళీ బోర్లా పడితే చూడాలని నా ఆశ. తాళాల గుత్తి దాని చెవి పక్కన గలగలలాడించాను. తల తిప్పలేదు. చేతికందేలా పట్టుకున్నాను. చెయ్యి చాపలేదు. ఎత్తి కూర్చోబెడితే మెడ పక్కకి వాలిపోయింది. ఏడో నెల బిడ్డ. పరాయి బిడ్డయితే ఎప్పుడో అనుమానపడేదాన్ని. దాన్ని గది మసకచీకట్లోకి తీసుకెళ్ళి కళ్ళల్లోకి చూశాను. చీకట్లో కంటి మధ్య నల్లచుక్క పెద్దదవ్వాలి. నా కూతురి కళ్ళల్లో అది ఆవగింజంత ఉంది. ఆ చుక్క ఎందుకలా ముడుచుకుపోతుందో నాకు తెలుసు.

అత్తయ్య పెరట్లో దంచుతున్నారు. బిడ్డని భుజాన వేసుకుని వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

“పిల్లకి నల్లమందు పెడుతున్నారా అత్తయ్యా?”

రోకలి ఆగింది. అబద్ధమాడతారేమో అనుకున్నాను. ఆడలేదు. బొడ్లో సంచిలోంచి చిన్న డబ్బీ తీసి నా చేతిలో పెట్టారు.

“ఆవగింజలో సగమంత. పాలల్లో అరగదీసి పడతాను. మా కొల్లేట్లో పెట్టని తల్లెవరే అమ్మాయ్? పడవెక్కి వల దగ్గరికి పోతే పిల్లనెవరు చూస్తారు? మా అమ్మ మాకు పెట్టింది. నేను నా పిల్లలకి పెట్టాను. నీ మొగుడూ దీంతో పెరిగినవాడే.”

“మరి బోర్లా పడిందన్నారుగా?”

ఆవిడ కళ్ళు దించుకున్నారు. “పడలేదమ్మా. ఏడో నెలొచ్చినా బోర్లా పడలేదేంటి, నర్సమ్మ కూతురికేం రోగమండీ అని ఆ సుబ్బాయమ్మగారు రోజూ అడుగుతున్నారు. పరువు పోతుందని వండేశాను. వండితే వాళ్ళ నోరు మూతపడుతుందనుకున్నాను.”

నాకు ఆవిడ మీద పట్టలేని కోపం వచ్చింది. బిడ్డ ప్రాణం పోతే ఏం చేసేవారని అరిచాను. నేను గొంతెత్తడం అదే మొదటిసారి. ఆవిడ రోకలి పక్కన పెట్టి అరచేతులు నా ముందు చాపారు. కాయలు కాసి పగిలిన చేతులు. “నువ్వు డ్యూటీకెళ్తావు. దంచాలి, నీళ్ళు తేవాలి, వండాలి, వాడికి బడికి క్యారేజీ పంపాలి. ఇది ఏడుస్తుంటే ఎత్తుకోనా, అన్నం మాడకుండా చూడనా? అరవయ్యేళ్ళొచ్చాయి. ఒక్కరోజైనా నా చంకలోంచి పిల్లని దింపుకున్నవాళ్ళెవరూ లేరమ్మా.”

కోపం పోలేదు, కాని అది నిలబడాల్సిన చోటు మాత్రం ఆవిడ కాదని తెలిసింది.

అరుపులు విని మావారు పెరట్లోకి వచ్చారు. సంగతి విన్నారు. తల్లినేమీ అనలేదు. “చూశావా? రేపే రాజీనామా రాసిచ్చెయ్. తల్లి ఇంట్లో ఉంటే ఇలాంటివి జరగవు” అన్నారు.

“మీ అమ్మగారు ఇంట్లోనే ఉన్నారు కదండీ” అన్నాను. “ఇంట్లో ఉండే ఆవిడ మీకూ ఇదే పెట్టారట.”

ఆయన తల్లి వైపు చూశారు.

“నేను మానను. పిల్లని నాతో ఆసుపత్రికి తీసుకెళ్తాను. డాక్టరమ్మగారికి చూపిస్తాను. మీ బడి నాలుగింటికి వదుల్తారు. నాలుగున్నరకి మీరొచ్చి దాన్ని ఎత్తుకుని ఇంటికి రండి. నేను వచ్చేదాకా మీ దగ్గరే ఉంటుంది, అత్తయ్య దగ్గర కాదు.”

“మగాణ్ణి, మాస్టార్ని, పిల్లనెత్తుకుని వీధిలో నడవమంటావా? బడి పిల్లలు చూస్తే?”

“చూడనివ్వండి. పిల్లనెత్తుకోవడం ఎలాగో వాళ్ళైనా నేర్చుకుంటారు.”

మూడు రోజులు ఆయన రాలేదు. మూడు రోజులూ డ్యూటీ అయ్యేదాకా నర్సు పిల్లల చేతుల్లోనే పెట్టుకున్నాను, ఇంటికి పంపలేదు. నాలుగో రోజు గేటు దగ్గర గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఎండా లేదు, వానా లేదు. పిల్లని ఆయన చేతికిచ్చాను.

మందు మాన్పించిన ఆ మొదటి రోజుల్లో హన్నమ్మ గుక్కపట్టి ఏడ్చింది. పాలు కక్కింది, నిద్రపోలేదు. డాక్టరమ్మగారు దాన్ని కొన్నాళ్ళు పగలంతా వార్డులోనే ఉంచి, భయం లేదు, నెమ్మదిగా అందుకుంటుంది అన్నారు. అప్పుడే ఒకరోజు దాన్ని పాఠం గదిలో బల్ల మీద పడుకోబెట్టి నర్సు పిల్లలకి చూపించాను. ఏడో నెలలో ఏం చెయ్యాలో, ఇది ఏం చెయ్యడం లేదో, ఎందుకో అంతా చెప్పాను. కనకమ్మ అనే పిల్ల లేచి, “ఇలాంటి ఇంటికెళ్తే ఎవర్ని మందలించాలండీ?” అని అడిగింది. పుస్తకంలో బిడ్డ చెయ్యాల్సిన ప్రతి పనీ ఉంది. ఆ బిడ్డ పక్కన ఎవరు కూర్చుంటారన్నది ఏ పేజీలోనూ లేదు. “మందలించకముందు రోకలి ఎవరి చేతిలో ఉందో చూడండి. రెండో చెయ్యిగా ఎవరు సాయం పడతారో అడగండి” అన్నాను. ఆ ఏటి నుంచీ నా పాఠం అక్కణ్ణుంచే మొదలవుతోంది.

తొమ్మిదో నెల వెళ్తుండగా ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి మావారు వసారాలో చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. “లిడియా, త్వరగా రా! ఇటు పడింది, చూడు, చెయ్యి కింద ఇరుక్కుంది, తియ్యాలా వద్దా?” హన్నమ్మ బోర్లా పడి, తల పైకెత్తి, కోపంగా కేకలు పెడుతోంది. అంత గట్టి ఏడుపు విని నేనంత ఆనందించిన రోజు ఇంకొకటి లేదు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళొత్తుకున్నారు. “మళ్ళీ వండాలంటావా అమ్మాయ్? వీధికంతా ఒకసారి పెట్టేశాంగా” అన్నారు సిగ్గుపడుతూ.

“వీధికొద్దు అత్తయ్యా. ఈసారి మనకే.”

మర్నాడు ఆదివారం. పప్పు నేనే రుబ్బాను, నేనే కాల్చాను. అత్తయ్యని పీట మీద కూర్చోబెట్టాను. కూర్చోలేక రెండుసార్లు లేచారు. మూడోసారి భుజం పట్టి కూర్చోబెట్టి, పెనం మీది బొబ్బట్టు నెయ్యి వేసి చేతిలో పెట్టాను. ఇంత కాలం అందరూ తిన్నాక మిగిలిన చల్లటివే తిన్నారట. వేడిది నోట్లో పెట్టుకుని కాసేపు నమలడం మర్చిపోయారు. ఆవిడ పక్కన నేనూ కూర్చున్నాను.

వసారాలోంచి ఆయన గొంతు వినిపించింది. “అమ్మా, నాకు లేవా?”

నేను లేవబోయాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఉన్నాయి నాయనా. పిల్లనెత్తుకుని వచ్చి పెట్టుకో.”

ఆయన హన్నమ్మని చంకనేసుకుని వంటింట్లోకి వచ్చి అటూ ఇటూ చూశారు. కంచాలు ఎక్కడుంటాయో ఆయనకి తెలియదు. మేమిద్దరం తింటూ కూర్చున్నాం. చెప్పలేదు.